శుక్రవారం తెల్ల చీర

గుడ్ ఫ్రైడే పొద్దున ఎనిమిది గంటలకు దేవసహాయం తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్నాడు. పైజేబులో మడతపెట్టుకున్న కాగితాన్ని ఒకసారి తడిమి చూసుకుని, చర్చికి ముందే షూటింగులో ఇచ్చేయాల్సిన చీర ఆరిందేమో చూసి తెచ్చుకుందామని డాబా మీదికి ఎక్కాడు.

యూసుఫ్‌గూడలో ఆ ఇంట్లో కిరాయికి దిగి ఇరవై ఏళ్లు దాటింది. సినిమాల్లో బట్టల పని మొదలుపెట్టి ముప్పై ఎనిమిదేళ్లు. నటులు మొదటి రోజు కట్టిన బట్ట నలభయ్యో రోజున కూడా అదే మడతతో, అదే రంగుతో, అదే నలుగుడుతో ఒంటి మీద ఉండేట్టు చూడటం ఆయన పని. అన్నేళ్లలో గుడ్ ఫ్రైడేకి సెలవు అడగడం ఇదే మొదలు.

అడగడానికి కారణముంది. వాళ్ల చర్చిలో ఆ రోజు పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. సంఘంలోంచి ఏడుగురు లేచి, తలా ఒక మాట మీద చెప్పాలి. పాస్టరుగారు ఏటా అడుగుతూనే ఉన్నారు, దేవసహాయం ఏటా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఈ ఏడు ఎందుకో ఒప్పుకున్నాడు. ఏడింటిలోకీ చిన్నది ఐదో మాట, 'దప్పిగొనుచున్నాను' అన్న దాహం మాట. తక్కువ మాట్లాడే మనిషికి తక్కువ మాట ఇచ్చామని పాస్టరుగారు అంటే సంఘమంతా నవ్వింది. దేవసహాయం మూడో తరగతితో బడి మానేసినవాడు. పెద్ద పెద్ద అక్షరాలతో పదకొండు వరసలు రాసుకోవడానికి వారం పట్టింది. జేబులో ఉన్నది ఆ కాగితమే.

డాబా మీద తీగకి వాళ్లావిడ కరుణమ్మ తెల్ల చీర ఆరేసి ఉంది. దాని పక్కన దుప్పటి. ఆ చివర సినిమా చీర.

దూరం నుంచే ఆయన కాళ్లు ఆగిపోయాయి. చీర మెరిసిపోతోంది.

సినిమాలో తెలుపు మెరవకూడదు. మెరిస్తే కెమెరా కళ్లు చెదురుతాయి, మొహం నల్లగా పడిపోతుంది. అందుకని తెల్ల బట్టని టీ నీళ్లలో ముంచి, మెరుపు చంపి వాడతారు. చూసేవాళ్లకి అది తెల్లగానే కనబడుతుంది. ఆ చీరని దేవసహాయం తన చేత్తోనే ముంచాడు. ఇప్పుడు ఆ టీ రంగు మచ్చుకైనా లేదు. పోతే పోయింది, మళ్లీ ముంచవచ్చు. కానీ బూడిద రంగులో ఉండాల్సిన అంచు ఎండుగడ్డి రంగుకు వచ్చేసింది. అక్కడక్కడ అదీ లేదు.

కింద నుంచి కరుణమ్మ వచ్చి ఆయన మొహం చూసింది. ఏం జరిగిందో ఇద్దరికీ తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నటి హైమగారు చీర మీద సాంబారు ఒలకబోసుకుంది. లాండ్రీకి ఇస్తే టీ రంగు పోగొడతారని దేవసహాయం దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. బకెట్లో నానబెట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా సంఘం మీటింగుకి వెళ్లిపోయాడు. శుక్రవారానికి తెల్ల బట్టలన్నీ ఉతుకుదామని కూర్చున్న కరుణమ్మ బకెట్లో ఇంకో తెల్ల చీర చూసింది. పిక్చరు అయిపోయాక పాత బట్టలు పనివాళ్లకి ఇచ్చేయడం ఆమెకి తెలుసు. ఇవాళ చర్చికి కట్టుకోమని తనకోసం తెచ్చాడనుకుంది. చీర మరీ మాసిపోయి ఉందే అని, బ్లీచింగు పొడి రెండు గుప్పిళ్లు ఎక్కువే వేసింది.

"నాకని తెచ్చావనుకున్నానయ్యా," అంది కరుణమ్మ. "ఇన్నేళ్లకి తెచ్చాడు అనుకున్నాను."

దేవసహాయం చీర తీసి మడతపెట్టాడు. తిట్టినా బాగుండేదని ఆమె అంది. ఆయన మడత అంచులు సరిచేస్తూ ఉండిపోయాడు.

అప్పుడే ఫోను మోగింది. అరుణజ్యోతి. ఫిల్మ్‌నగర్ బస్తీ అమ్మాయి, రెండేళ్లు తిరిగి యూనియన్ కార్డు తెచ్చుకుంది. ఆడవాళ్ల బట్టల పెట్టె ఆమె చేతికి రావడం ఈ పిక్చరుతోనే మొదలు. దేవసహాయం కింద పనిచేస్తుంది, బాబాయ్ అంటుంది.

"బాబాయ్, హైమమ్మ తెల్ల చీర పెట్టెల లేదు. నువ్వేమన్న చూసినవా?"

"నా దగ్గరుంది."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. తర్వాత ఆమె చెప్పింది విని దేవసహాయం డాబా గోడ మీద కూర్చున్నాడు. నిన్న సాయంత్రం పెట్టె సర్దింది దేవసహాయమే. ఆయన సర్దాక లెక్క చూసుకోవడం ఆయన్ని అనుమానించినట్టు ఉంటుందని, అన్నీ ఉన్నాయని అరుణజ్యోతి సంతకం పెట్టి వెళ్లిపోయింది. పొద్దున పెట్టె తెరిస్తే చీర లేదు. ప్రొడక్షన్ మేనేజర్ చంద్రశేఖర్, లైటు బాయ్‌ల దగ్గర్నుంచి మేకప్ వాళ్ల దాకా అందరూ వింటుండగా, దొంగ చేతికి తాళాలిచ్చామన్నాడు.

"నీ దగ్గరున్నదంటే నమ్మడు బాబాయ్. ముసలాయన నిన్ను కాపాడనీకె ఏదన్న చెప్తడు అంటడు. రెండున్నరకు హైమమ్మ షాటు. ఆమె సాయంత్రం చెన్నై పోతే రెండు నెలలు రాదంట. గా టైముకు చీర రాకుంటే రేపటిసంది రావొద్దన్నడు."

రావొద్దంటే ఈ ఒక్క పిక్చరుకే కాదు. దొంగ అన్న మాట సాయంత్రానికల్లా కృష్ణానగర్ టీ కొట్లన్నీ తిరుగుతుంది. తర్వాత ఏ కంపెనీ కూడా ఆమెకి పెట్టె ఇవ్వదు. నిన్న పెట్టె మూసేటప్పుడు 'చీర తీసుకెళ్తున్నా' అని ఒక్క మాట తన నోట్లోంచి వచ్చి ఉంటే ఇదంతా లేదు.

"తెస్తాను," అని దేవసహాయం ఫోను పెట్టేశాడు.

పాడైన చీర సంచిలో పెట్టుకున్నాడు. చర్చికి నువ్వు వెళ్లు, కుదిరితే వస్తానని, పక్కన నిలబడి ఫోను మాటలన్నీ విన్న కరుణమ్మతో చెప్పాడు. ఐదో మాట వంతు వచ్చేసరికి ఒంటి గంటా ముప్పావు అవుతుంది. పదకొండున్నరకల్లా చీర దొరికితే రెండు పనులూ అవుతాయని లెక్క వేసుకున్నాడు. ఉపవాసం కాబట్టి గుక్కెడు నీళ్లయినా తాగకుండానే గడప దాటాడు.

* * *

ఆ చీర కొన్నది జూబ్లీహిల్స్ ముప్పై ఆరో నంబరు రోడ్డులోని చేనేత షాపులో. పదిన్నరకి గానీ షట్టరు లేవలేదు. అద్దానికి గుడ్ ఫ్రైడే సందర్భంగా ప్రత్యేక తగ్గింపు అని కాగితం అంటించారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి చొక్కా మీద గీతిక అని పేరు ఉంది. ఆయన తెల్ల బట్టలు చూసి "హ్యాపీ గుడ్ ఫ్రైడే సార్," అంది నవ్వుతూ. ఇవాళ సంతోషించే రోజు కాదమ్మా అని చెప్పాలంటే చాలా మాటలు కావాలి. దేవసహాయం తలూపి ఊరుకున్నాడు.

సంచిలోంచి చీర తీసి కౌంటరు మీద పరిచాడు. మంగళగిరి నూలు, బూడిద రంగు అంచు, వేలెడు వెడల్పు. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి పాల మీగడ రంగు పట్టుచీర తెచ్చింది. తర్వాత జరీ అంచుది తెచ్చింది. ఆ తర్వాత ఫంక్షనా సార్, ఎవరికి సార్ అని అడిగింది. ఆయన వేలితో అంచు చూపించి, మా పిక్చరుకి ఇక్కడే కొన్నారు, ఇదే కావాలన్నాడు.

"ఉత్త తెలుపు మా దగ్గర పోదు సార్. ఒక్కటే వచ్చింది, అది మీ డిజైనర్ మేడమ్ తీసుకున్నారు."

దేవసహాయం కదల్లేదు. కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి, ఎక్కణ్నుంచి వచ్చింది అని అడిగాడు. వాళ్లు చెప్పరు సార్ అంది. ఆయన అలాగే నిలబడ్డాడు. వెనక వచ్చినవాళ్లు బేరం చూసుకుని వెళ్లిపోయారు. ఏసీ చల్లదనానికి ఆయన గొంతు మరింత ఎండింది. ఆ అమ్మాయి నీళ్ల సీసా ముందు పెడితే చెయ్యి అడ్డంగా ఊపాడు. చివరికి ఆమె అటూ ఇటూ చూసి, మోతీనగర్‌లో బసవపున్నయ్య గారని మంగళగిరి ఆయన ఉన్నాడని, ఇంట్లోనే అమ్ముతాడని, మూటలు ఇక్కడికి వేసేది ఆయనేనని చెప్పింది.

బయటికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆటో యూసుఫ్‌గూడ మీదుగానే పోవాలి. చర్చి సందు దగ్గర తెల్ల చీరలు, తెల్ల చొక్కాలు ఒక్కొక్కరుగా లోపలికి నడుస్తున్నారు. గేటు దగ్గర పాస్టరుగారు ఎవరికోసమో రోడ్డు వైపు చూస్తున్నారు. దేవసహాయం ఆటోలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఎంత జరిగినా తెల్ల చొక్కా కనబడకుండా పోదు. చూశారో లేదో తెలియదు. ఆటో అతను స్లో చేయమంటారా అన్నాడు. పోనిమ్మన్నాడు.

* * *

మోతీనగర్‌లో బసవపున్నయ్య ఇల్లు కనుక్కునేసరికి పన్నెండు కొట్టింది. చర్చిలో ఆరాధన మొదలై ఉంటుంది. రెండో అంతస్తులో ముందు గది నిండా చీరల మూటలు, కూర్చోవడానికి ఒకే ఒక్క కుర్చీ. బసవపున్నయ్య మాటకారి. పాడైన చీర చూడగానే, దీనికి బ్లీచింగు స్నానం చేయించింది ఎవరండీ, పాపం తగులుద్ది అన్నాడు. ఇది తమ వాళ్లు నేసిందేనన్నాడు. నాలుగు మూటలు విప్పి, అయిదో మూట అడుగు నుంచి ఒక చీర లాగాడు. తెలుపు, బూడిద రంగు అంచు, వేలెడు వెడల్పు.

దేవసహాయం దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. కొంగు విప్పి తన తల మీద కప్పుకుని, గోడకున్న అద్దంలో చూసుకున్నాడు. బసవపున్నయ్య నవ్వబోయి ఆగిపోయాడు.

కొంగు నిలబడింది. కొత్త చీర, మగ్గం గంజి. సినిమాలో హైమగారి తల మీద కొంగు నీళ్లలా జారి భుజానికి అతుక్కుని ఉంటుంది. ఆ చీర తొమ్మిది ఉతుకులు చూసింది. ఇది కడితే, షాటు మధ్యలో ఆమె మెడ చుట్టూ కాగితం చుట్టినట్టు ఉంటుంది. రెండు గంటల్లో తొమ్మిది ఉతుకుల మెత్తదనం ఎక్కణ్నుంచి తేవాలి?

అప్పుడు లోపలి నుంచి బసవపున్నయ్య తల్లి రాజ్యలక్ష్మమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఎనభై ఏళ్లు ఉంటాయి. దేవసహాయం గ్లాసు వైపు చూడలేదు, ఆమె మొహం వైపూ చూడలేదు. భుజం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఒంటి మీద అదే చీర. అదే అంచు. కొంగు జారి, భుజానికి అతుక్కుని ఉంది.

"ఏంటయ్యా ఆ చూపు?" అంది ఆమె. "మతి ఉండే చూస్తున్నావా?"

బసవపున్నయ్య ఇప్పుడు నిజంగానే నవ్వాడు. ఈయన సినిమా ఆయనమ్మా, నీ చీర చూస్తున్నాడు, నిన్ను కాదు అన్నాడు. అలాంటివే ఆమెకి రెండున్నాయని, ఒకటి ఉతికి మడతపెట్టి పెట్టెలో ఉందని తెలిసింది. ఆ రెండోది ఇస్తే ఈ కొత్త చీర కొని ఆమెకి ఇస్తానని దేవసహాయం అడిగాడు.

రాజ్యలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. కట్టి విడిచిన చీర పరాయివాళ్లకి ఇవ్వడమే తప్పు. అందులోనూ శుక్రవారం. శుక్రవారం ఇంట్లోంచి సూది కూడా బయటికి పోనివ్వదు ఆమె. కావాలంటే రేపు రమ్మంది.

"మాక్కూడా ఇవాళ శుక్రవారమేనమ్మా," అన్నాడు దేవసహాయం.

ఆమె అప్పుడు ఆయన బట్టలు పరీక్షగా చూసింది. "గుడ్ ఫ్రైడేనా? మరి చర్చికి పోకుండా చీరల కొట్ల వెంట తిరుగుతావేం?"

దేవసహాయం కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఏ సంగతీ మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ చెప్పిన మనిషి కాదు. ఇప్పుడు చెప్పాడు. సాంబారు, బకెట్టు, బ్లీచింగు, పెట్టె, సంతకం, దొంగ అన్న మాట.  ఆమె మజ్జిగ గ్లాసు ముందుకి జరిపితే, మూడు దాకా తాగకూడదన్నాడు.

"సినిమాలో ఆవిడకి మొగుడు ఎప్పుడు పోయాడు?" అని అడిగింది రాజ్యలక్ష్మమ్మ.

"ఇంటర్వెల్ ముందు."

"ఆ పిల్ల పేరేంటన్నావు?"

"అరుణజ్యోతి."

ఆమె లోపలికి వెళ్లి పసుపు గిన్నె తెచ్చింది. ముందు కొత్త చీర తన చేతిలో పెట్టమంది. అంచుకి నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి గూట్లో పెట్టింది. ఇంట్లోకి రావాల్సింది వచ్చింది, ఇప్పుడు పోయేది పోయినా పర్వాలేదంటూ కర్పూరం బిళ్లలు వేసిన పెట్టెలోంచి రెండో చీర తీసింది. ఇచ్చే ముందు మడత విప్పి, ఎక్కడన్నా చిరిగిందేమోనని ఎండ కేసి పట్టి చూసింది. తెర మీద చిరుగు కనబడితే పరువు పోదూ అంది.

* * *

ఇంకొక పని మిగిలింది. ఆ చీర నీలిమందు పెట్టిన తెలుపు, మెరుస్తుంది. టీ నీళ్లు కావాలి, అవీ గంగాళం నిండా. కృష్ణానగర్ మలుపులో జగదీశ్ చాయ్ హోటల్ ముందు ఆటో ఆపించేసరికి ఒంటి గంటా ఇరవై అయింది. పొద్దుటి నుంచి కాచి పారబోసిన టీ పొడి వెనక డ్రమ్ములో ఉంటుందని దేవసహాయానికి తెలుసు. అది మొత్తం పెద్ద గిన్నెలో వేసి మళ్లీ కాచమన్నాడు.

"ఏంది కాకా," అన్నాడు జగదీశ్. "నువ్వు తాగుడు బంజేసి చీరకు తాపుతున్నవా?"

అయినా స్టవ్ ఖాళీ చేసి ఇచ్చాడు. గిరాకీ అడిగితే, జర ఆగుండ్రి, గీడ చీర చాయ్ తాగుతున్నదన్నాడు. దేవసహాయం చొక్కా చేతులు పైకి మడిచి, నీళ్లు వడగట్టి, చల్లనీళ్లు కలిపి, వేలి కొసతో వేడి చూశాడు. ముందు పాడైన చీర కొంగు కొస ముంచి, ఎంతసేపటికి ఎంత రంగు పడుతుందో చూసుకున్నాడు. తర్వాత రాజ్యలక్ష్మమ్మ చీర మొత్తం ఒకేసారి దించాడు. ముడతలో ముడత పడితే మరక పడుతుంది. రెండు చేతులతో కలుపుతూనే ఉండాలి, ఆపకూడదు.

చర్చి సందు అక్కడికి దగ్గరే. మైకులో పాట వినబడుతోంది. పాట ఆగింది. పాస్టరుగారి గొంతు, ఐదో మాట చెప్పడానికి సహోదరుడు దేవసహాయం గారు రావాలంది.

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కలిపాడు.

మైకు మళ్లీ పిలిచింది. దేవసహాయం గారు ఉన్నారా అని అడిగింది. స్టవ్ దగ్గర జగదీశ్ ఆయన మొహం చూసి చెంచా కింద పెట్టాడు. మైకులో గరగర, కుర్చీ జరిపిన చప్పుడు. ఆ తర్వాత ఆడగొంతు. సన్నగా, కాస్త వణుకుతూ.

"అందరికీ వందనాలండి. ఈ మాట మా ఆయన చెప్పాలి. రాలేదు. తప్పు నాది. నేనొక చీర పాడుచేశాను. దానికి బదులు చీర కోసం పొద్దున్నుంచి బజార్ల వెంట తిరుగుతున్నాడు, గుక్కెడు నీళ్లు తాగకుండా. ఆ చీర దొరక్కపోతే ఒక ఆడపిల్లకి పని పోద్ది, పేరు పోద్ది. దాహం గురించి నాకింతే తెలుసండి."

 తర్వాత ఎవరో పాట ఎత్తుకున్నారు.

"కాకా, గది మన చిన్నమ్మ గొంతే గద?" అన్నాడు జగదీశ్.

"ఆ చివర పట్టు," అన్నాడు దేవసహాయం. "గట్టిగా పిండకు. మెల్లగా."

ఇద్దరూ చీరని హోటల్ డాబా మీదికి తీసుకెళ్లి, చెరో చివరా పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఏప్రిల్ ఎండ నడినెత్తిన ఉంది. నూలు చీర చూస్తుండగానే పొడిబారింది. కింద గిరాకీ అరుస్తున్నా జగదీశ్ తన చివర వదల్లేదు.

* * *

షూటింగు జూబ్లీహిల్స్‌లో కొండరాయి పక్కనున్న పెద్ద బంగ్లాలో. రెండూ పదికి దేవసహాయం గేట్లోకి వచ్చాడు. అరుణజ్యోతి మెట్ల మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఆమెని ఏ బట్టా ముట్టుకోనివ్వలేదు. ఆయన్ని చూసి లేచింది. ఆయన చీర ఆమె చేతికిచ్చి, ఇస్త్రీ చెయ్యి, కొంగు మడత ఎడమకి అన్నాడు. నిన్న తీసిన ఫొటో పక్కన పెట్టుకుని ఇద్దరూ అంచు, రంగు, మడత సరిచూసుకున్నారు. పట్టి పట్టి చూసినా తేడా దొరకలేదు.

హైమగారు కట్టుకుని అద్దం ముందు నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుని, జారనిచ్చి, మళ్లీ లాక్కుంది. ఇరవై రోజులు ఆ చీర కట్టిన మనిషి ఆవిడ.

"ఇది నాది కాదు కదూ?" అంది మెల్లగా. "కర్పూరం వాసనొస్తోంది."

దేవసహాయం కాదన్నాడు. ఆవిడ అద్దంలోంచి ఆయన్నే చూస్తూ, నేను ఎవరికీ చెప్పను, కెమెరాకీ తెలియదు, మీరు ఊరుకోండి అంది. ఆవిడ మంచికే అంది. ఊరుకోవడం ఆయనకి కొత్త కాదు, ఆయనకి బాగా వచ్చిన పనే అది.

హైమగారి, అరుణజ్యోతి వెనక ఆయన హాల్లోకి వచ్చాడు. లైట్లు వేసి ఉన్నాయి, నలభై మంది పైగా ఉన్నారు. చంద్రశేఖర్ హైమగారి మీద చీర చూసి, అరుణజ్యోతి వైపు తిరిగాడు. దొరికిందన్నమాట, ఎక్కడ దాచావు, భయం పెడితే గానీ బయటికి రాలేదు కదా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. అరుణజ్యోతి తల దించుకుంది.

"చంద్రశేఖర్ గారూ," అన్నాడు దేవసహాయం.

ఆ గొంతు ఆ యూనిట్లో చాలామంది విని ఎరగరు. అందరూ తిరిగి చూశారు.

"ఆ చీర అరుణ తీయలేదు. నేను తీశాను. మరక పడితే ఉతకడానికి ఇంటికి తీసుకెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. నేను సర్దాను కదా అని ఆ అమ్మాయి సంతకం పెట్టింది. మా ఇంట్లో అంచు పాడైంది." సంచిలోంచి చీర తీసి చంద్రశేఖర్ ముందున్న టేబులు మీద పెట్టాడు. "అదిగో. ఆవిడ కట్టింది వేరేది, మోతీనగర్‌లో ఒక పెద్దమ్మ చీర."

ఆగాడు. నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అంటుకుంటోంది. ఇంకొకటి మిగిలింది.

"పొద్దున మీరొక మాట అందరి ముందూ అన్నారు. దాన్ని అందరి ముందే వెనక్కి తీసుకోండి."

చంద్రశేఖర్ మొహం ఎర్రబడింది. షాటుకి టైమవుతోందన్నాడు. దేవసహాయం పక్కకి తప్పుకోలేదు. పొద్దున కౌంటరు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు. హైమగారు కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ మాటేదో అయ్యాకే షాటు చేద్దామంది. కెమెరా దగ్గర ఎవరో దగ్గారు.

చివరికి చంద్రశేఖర్, తెలియక అన్నానమ్మా, నీ తప్పు లేదు అన్నాడు. అరుణజ్యోతికి వినబడేలా అన్నాడు. వెనకవాళ్లకి వినబడలేదని దేవసహాయం అంటే, ఇంకాస్త గట్టిగా అన్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, చెప్పకుండా కంపెనీ బట్ట ఇంటికి పట్టుకెళ్లినవాడి దగ్గర తాళాలు ఉంచలేనన్నాడు.

అది న్యాయమే అనిపించింది దేవసహాయానికి. నడుముకున్న తాళాల గుత్తి విప్పి, అరుణజ్యోతి చేతిలో పెట్టాడు.

షాటు రెండు టేకుల్లో ఓకే అయింది. ఆ పెద్దమ్మ కొంగు హైమగారి భుజం మీంచి నీళ్లలా జారింది.

మూడు దాటాక అరుణజ్యోతి పెద్ద గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. టైమయింది బాబాయ్, ఇగ తాగు అంది. ఆయన నిలబడే, ఆపకుండా తాగాడు. ఆమె గ్లాసు తీసుకుంటూ, పక్కకి చూస్తూ అంది.

"ఇగసంది ఏదన్న తీస్కపోతే చెప్పి తీస్కపో. నువ్వు చెప్పకుంటే మాకెట్ల తెలుస్తది?"

"చెప్తాను," అన్నాడు దేవసహాయం.

పాడైన చీర కూడా కంపెనీదే. దానికి చీటీ రాసి, పెట్టెలో పెట్టించి బయటికి నడిచాడు. జేబులో కాగితం టీ నీళ్లకి తడిసి, పదకొండు వరసలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఆటో ఎక్కలేదు. ముప్పై ఆరో నంబరు రోడ్డు దాకా నడిచి, పొద్దుటి షాపు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. గీతిక ఆయన్ని గుర్తుపట్టి, దొరికిందా సార్ అంది. దొరికిందన్నాడు. ఇప్పుడు ఎవరికి సార్ అంది.

"మా ఆవిడకి."

ఏ రంగు సార్ అని అడిగింది. దేవసహాయం అరల నిండా ఉన్న రంగులు చూశాడు. ఎవరి ఒంటికి ఏ రంగు నప్పుతుందో ముప్పై ఎనిమిదేళ్లుగా చెబుతున్నాడు. చెయ్యి ఒక చీర మీదికి వెళ్లబోయి ఆగింది. ఫోను తీసి కరుణమ్మకి చేశాడు.

చర్చి నుంచి అప్పుడే ఇంటికి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. ఆ పిల్లకి ఏమైందయ్యా అని అడిగింది. పని నిలబడింది, పేరూ నిలబడిందని చెప్పాడు. నువ్వు మైకులో చెప్పింది విన్నాను, జగదీశ్ హోటల్ దగ్గర ఉన్నాను, మొత్తం విన్నాను అన్నాడు. తాళాలు పోయిన సంగతి కూడా చెప్పాడు. అన్ని మాటలు ఆయన ఫోనులో ఎప్పుడూ మాట్లాడలేదు. 

"చీర కొంటున్నాను," అన్నాడు. "నీకే. ఏ రంగు కావాలి?"

కరుణమ్మ వెంటనే చెప్పలేదు. దేవసహాయం ఫోను చెవికి ఆనించుకుని, ఆమె చెప్పేదాకా కౌంటరు దగ్గర అలాగే నిలబడ్డాడు.